వర్జిల్ స్టోక్లీకి నల్ల రిబ్బను

మే నెల రెండో సోమవారం పొద్దున ఓపల్ రెన్‌ఫ్రో పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. లాస్ వేగస్ పాత బజారులో ఉన్న సిల్వర్ స్పర్ హోటల్ గోడమీద ఇరవై ఒక్క పటాలున్నాయి. 1968 నుంచి ఏటా ఆ హోటల్లో జరిగే పోకర్ పోటీలో గెలిచిన ఛాంపియన్లవి. వాటిని తడిగుడ్డతో తుడవాలి. కిందటి మే తర్వాత పోయినవాళ్ళుంటే వాళ్ళ పటానికి మూలన నల్ల రిబ్బను కట్టాలి. నిచ్చెన దిగి కాఫీ తాగాలి. మూడింటికి ఈ ఏటి పోటీ మొదలవుతుంది, ఆ తర్వాత ఆమెను ఎవరూ పట్టించుకోరు.

ఎవరున్నారో ఎవరు పోయారో తెలుసుకోవడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. పేకాటగాళ్ళకు స్థిరమైన చిరునామా ఉండదు. ఉన్నా చెప్పరు, చెప్పినా అది నిజం కాదు. అందుకని బతికున్న ప్రతి ఛాంపియనూ తాను గెలిచిన ఆటలోని పేకముక్కలాంటిది ఒకటి, వెనక సంతకం పెట్టి, పోటీ మొదలయ్యే రోజు పన్నెండు గంటలలోపు ఓపల్‌కు చేర్చాలి. ముక్క వస్తే మనిషి ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. జీవితంలో ఇంకెక్కడా మాట మీద నిలబడని మనుషులు ఈ ఒక్క విషయంలో మాత్రం తేదీ తప్పేవారు కాదు.

ఆ గోడను ఎడమనుంచి కుడికి చూసుకుంటూ పోతే గెలుపు మీద ఉన్న సరదా కాస్తా తీరిపోతుంది. మొదటి ఏడాది పోటీకి వచ్చింది తొమ్మిదిమందే. గెలిచిన ఆసా ట్రిమ్ బహుమతి డబ్బంతా నాలుగు రోజుల్లో పాచికల బల్ల దగ్గర ఊడ్చిపెట్టి, ఇంటికి వెళ్ళడానికి బస్సు చార్జీ ఓపల్ దగ్గరే తీసుకున్నాడు. 1971 ఛాంపియన్ను ఓ మోటెల్ గదిలో ఎవరో కాల్చి చంపారు. 1977 ఆయన పళ్ళ డాక్టరు. గెలిచిన మర్నాడే వైద్యం మానేశాడు, అయిదేళ్ళకల్లా ఇల్లు పోయింది, పెళ్ళాం పోయింది, చివరికి ఆయన పళ్ళూ పోయాయి. 1984 ఛాంపియన్ బహుమతి డబ్బుతో ఈతకొలనున్న ఇల్లు కొని ఆ కొలనులోనే తేలాడు. మొత్తం మీద పన్నెండు రిబ్బన్లు. మిగిలింది తొమ్మిదిమంది.

హోటల్ కొత్త యజమాని మేనల్లుడు గ్రేడన్ పైక్‌కు ఈ గోడ కంటగింపుగా ఉండేది. ఆడటానికి వచ్చినవాడు దీన్ని చూసి ఇంటికి పోతున్నాడనీ, దీన్ని పీకేసి నాణేలు వేసి ఆడే జూదపు యంత్రాలు పెడితే బాగుంటుందనీ అతని వాదన. నిరుడు ఓపల్ రెండు పటాల కింద పేర్లు తారుమారు చేసింది. అప్పుడే చెప్పాడు, ఇంకొక్క తప్పు దొరికితే గోడా పోతుంది, ఆవిడా పోతుందని. ఆవిడ పోవడమంటే మూడో అంతస్తులో పదకొండేళ్ళుగా ఉంటున్న గది పోవడం. ఓపల్‌కు అరవై మూడేళ్ళు. కీళ్ళవాతంతో వేళ్ళు ముక్కలు పంచడానికి పనికిరాకుండా పోయాక ఈ గోడపని ఇచ్చారు. ఆ గది తప్ప ఆమెకు భూమ్మీద మరో చోటు లేదు.

ఆ పొద్దున తొమ్మిదింటికి ఎనిమిది ముక్కలున్నాయి. తొమ్మిదోది, 1973 ఛాంపియన్ వర్జిల్ స్టోక్లీ పంపే కళావర్ ఏడు, రాలేదు. ఏటా అందరికంటే ముందొచ్చే ముక్క అదే. ఓపల్ కింగ్‌మన్‌లో ఆయన ఉండే, చక్రాల మీద కదిలే ట్రైలర్ ఇళ్ళ పేటకు ఫోన్ చేసింది. అక్కడి యజమానురాలు ఓపిగ్గా అన్నీ చెప్పింది. మార్చిలో అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. కిందటి వారం చర్చివాళ్ళు ఆయన బట్టలు పట్టుకుపోయారు. మొన్న ట్రైలర్‌ను ఎవరో లాక్కుపోయారు. ఓపల్ ఇంకేమీ అడగలేదు, ఇలాంటప్పుడు గుచ్చిగుచ్చి అడగడం మర్యాద కాదనుకుంది.

అయినా పన్నెండు దాకా ఆగవలసిందే. కానీ పదింటికి పత్రికవాళ్ళు ఫోటోలు తీయడానికి వస్తున్నారు, నిచ్చెన అడ్డం తీయమని పైక్ కబురు పెట్టాడు. మళ్ళీ నిచ్చెన ఎక్కే ఓపిక మోకాళ్ళకు లేదు. పావు తక్కువ పదికి ఓపల్ కళ్ళు తుడుచుకుని వర్జిల్ స్టోక్లీ పటానికి నల్ల రిబ్బను కట్టింది.

అక్కడినుంచి కథ ఆమె చేతుల్లో లేదు. ఫోటోగ్రాఫరు కొత్త రిబ్బను చూసి ఎవరీయన అని అడిగాడు. పైక్‌కు తెలియదు, కానీ కెమెరా ముందు తెలియదనడం అతని అలవాటు కాదు. మహానుభావుడనీ, తనకు తండ్రిలాంటివాడనీ, రెండింటికి సంతాపసభ ఉందనీ అప్పటికప్పుడు అనేశాడు. అన్నాక సభ పెట్టక తప్పదు. పూలకొట్టుకు ఫోన్ వెళ్ళింది. ఇస్పేట్ గుర్తు ఆకారంలో పూలచక్రం కావాలన్నారు. కొట్లో పెళ్ళిళ్ళ కోసం చేసిన ఎర్ర ఆఠీన్ గుర్తు ఒకటే ఉంది, దాన్నే తలకిందులు చేసి, నల్లరంగు కొట్టి, తోక తగిలించి పంపారు. రేడియోలో రెండుసార్లు చెప్పారు. పదకొండున్నరకల్లా వర్జిల్ ఇద్దరు మాజీ భార్యలు విడివిడిగా వచ్చి, ముందు వరసలో విధవరాలి కుర్చీ ఎవరిదని తగువులాడుకున్నారు.

పన్నెండుకు పది నిమిషాలుండగా కాఫీ హాల్లోంచి ఓపల్‌కు పిలుపొచ్చింది. ఎవడో ముసలి మోసగాడు హామ్, నాలుగు గుడ్లు, రెండుసార్లు కాఫీ లాగించి, ఛాంపియన్‌ను గనక ఉచితమంటున్నాడట. పేరడిగితే పొద్దున చచ్చిపోయినాయన పేరే చెప్తున్నాడట. శవం పేరు చెప్పుకుని తినేవాణ్ణి ఎక్కడా చూడలేదని వడ్డించే అమ్మాయి తెగ ఇదైపోతోంది.

ఓపల్ వెళ్ళి చూస్తే మూల బల్ల దగ్గర వర్జిల్ స్టోక్లీ రొట్టెముక్కతో పళ్ళెం తుడుస్తున్నాడు. 

"రా పిల్లా, కూర్చో," అన్నాడాయన. డెబ్భై తొమ్మిదేళ్ళాయనకు ఓపల్ ఎప్పుడూ పిల్లే. "ఆ అమ్మాయికి నేనెవరో చెప్పు."

"మీ ముక్క రాలేదండీ," అంది ఓపల్ నీరసంగా.

ఆయన చొక్కా జేబులోంచి కళావర్ ఏడు తీసి బల్లమీద పెట్టాడు. "పన్నెండు కాలేదుగా. ఎలాగూ వస్తున్నా, స్టాంపు దండగెందుకని నేనే తెచ్చా."

మార్చిలో పిత్తాశయంలో రాయి తీశారట. ట్రైలర్ అమ్మేసి, పాత బట్టలు చర్చికిచ్చేసి, ఫ్లాగ్‌స్టాఫ్‌లో చెల్లెలి దగ్గరకు మకాం మార్చే ముందు ఇటొకసారి వచ్చాడట. ఇంత సుఖంగా ఉన్న మనిషిని తాను పటం కట్టించేసింది. ఓపల్‌కు ఏడుపొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. రిబ్బను, పైక్, గోడ, గది, హాల్లో తలకిందులుగా వేలాడుతున్న ఆఠీన్. చివర్లో చేతులు పట్టుకుంది.

"ఇవాళ ఒక్కరోజు చచ్చిపోయి ఉండండి వర్జిల్ గారూ. వచ్చే వారం, ఈ హడావుడి అయ్యాక, నేనే ఏదో చెప్పి విప్పేస్తాను."

వర్జిల్ మొహం చిట్లించాడు. బతికున్న మనిషిని అడగవలసిన సాయమేనా ఇది అన్నాడు. సభలో ఎవరెవరు మాట్లాడతారని అడిగాడు. పాస్టరు, పైక్, ఆఖరున మాక్ లూబెక్ అని ఆమె చెప్పగానే కాఫీ కప్పు కింద పెట్టాడు.

"లూబెక్ వచ్చాడా?"

లూబెక్ పేరు వింటే వర్జిల్ అలా ఎందుకైపోయాడో ఆ హోటల్లో గోడలకు కూడా తెలుసు. 1973 చివరి ఆటలో మిగిలింది వీళ్ళిద్దరే. వర్జిల్ చేతిలో కళావర్ ఏడు, డైమన్ రెండు. చేతికి రెండేసి ముక్కలు పడే ఆ ఆటలో అంతకంటే చచ్చు కలయిక లేదు. వాటితో ఉన్న పందెం బిళ్ళలన్నీ ముందుకు తోసి, లూబెక్ కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. లూబెక్ ఇరవై రెండు నిమిషాలు ఆలోచించి, ఆట వదులుకుని, తన రెండు ముక్కలూ బోర్లా పారేశాడు. వర్జిల్ తన ముక్కలు తిప్పి చూపించాడు. హాలు హాలంతా లేచి నిలబడింది. పోకర్ చరిత్రలో అంత పెద్ద బుకాయింపు లేదని ఈనాటికీ చెప్పుకుంటారు. లూబెక్ తర్వాత 1975లో గెలిచి గోడకెక్కాడు గానీ, జనం ఆయన్ను చూసినప్పుడు గుర్తు చేసుకునేది ఓడిన ఆటనే.

ఆయన పారేసిన ముక్కలేమిటో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ రోజు పంచింది ఓపలే. ఆ రెండు ముక్కలూ ఆమె వేళ్ళ కిందనుంచే పేకలో కలిసిపోయాయి, చూడటం నేరం గనక చూడలేదు. అడిగితే లూబెక్ చెప్పడు. ఎదుటివాడు బతికుండగా పారేసిన ముక్కల గురించి చెప్తే అది సాకు, పోయాక చెప్తే చరిత్ర. ఆ తరం ఆటగాళ్ళందరూ పాటించే కట్టుబాటది.

"పదహారేళ్ళుగా అడుగుతున్నా. నేను చస్తే గానీ చెప్పనన్నాడు," అన్నాడు వర్జిల్. అప్పుడే ఆయన మొహంలోకి వెలుగొచ్చింది. "ఇప్పుడు చచ్చాను గదా."

గదిలో దాక్కోమంటే వినలేదు. సభలో కూర్చుని తీరాలన్నాడు. మూతపడిన డాన్సు ప్రదర్శన తాలూకు దుస్తులు సామాన్ల గదిలో పెట్టెలో ఉన్నాయి. అందులోంచి ఓపల్ నేలదాకా జీరాడే నల్లగౌను, మొహం కప్పే ముసుగు, చేతి తొడుగులు తీసింది. చెప్పులు మాత్రం ఏవీ పట్టలేదు, సొంత బూట్లతోనే బయల్దేరాడు. మేలిముసుగు ఆడమనిషి వచ్చి వెనక వరసలో కూర్చుంటే, ముందు వరసలోని ఇద్దరు మాజీ భార్యలూ వెనక్కి తిరిగి చూసి, జీవితంలో మొదటిసారి ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. వర్జిల్ ఇంకో పెళ్ళి గురించి హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

పాస్టరు దేవుడి ఆటలో జోకర్లుండవన్నాడు. పోకర్‌లో మాత్రం ఉంటాయా అని ఎవరో గొణిగారు. పైక్ తన తండ్రిలాంటి వర్జిల్ పేరును రెండుసార్లు వెర్నన్ అన్నాడు. నిమిషం మౌనం పాటించారు. ఎవరు ముందు దగ్గుతారని మూడో బల్లవాళ్ళు పందెం కాశారు. దగ్గింది పాస్టరు, ఆయన మీద కాసినవాడెవడూ లేడు. ఓపల్ తలుపు దగ్గర నిలబడి, ఇంకో పావుగంట గడిస్తే గట్టెక్కినట్టే అనుకుంది.

అప్పుడు మాక్ లూబెక్ లేచాడు. ఎనభై ఏళ్ళవాడు, చేతికర్ర మీద వాలి నడుస్తాడు. హాలు చప్పున సద్దుమణిగింది. వర్జిల్ మంచివాడనీ, మొండివాడనీ, ఇచ్చిన అప్పు తిరిగి అడిగితే లేదనకుండా ఎగ్గొట్టేవాడనీ మొదలుపెట్టాడు. జనం నవ్వారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నీళ్ళు తాగాడు. దుఃఖం పొంగుకొచ్చిందనుకున్నారు అందరూ.

"మీకు కావలసింది ఆ రెండు ముక్కలు," అన్నాడు నెమ్మదిగా. "చెప్తాను. నా చేతిలో రెండు ఆసులున్నాయి."

 రెండు ఆసుల్ని మించిన ముక్కలు ఎవరికీ పడవు.

"వాడి దగ్గర ఏమీ లేదని నాకు తెలుసు. బుకాయించేటప్పుడు వాడి కాలు ఆడుతుంది. కానీ అంతకు ముందు రోజు, పెళ్ళాం నోర్మా ఆస్పత్రిలో ఉందనీ, ఆపరేషనుకు డబ్బు లేదనీ, వాడు బాత్‌రూమ్‌లో ఒంటరిగా ఏడుస్తుంటే విన్నాను. నాకా, పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. ఆ ఇరవై రెండు నిమిషాలూ నేను ఆలోచించింది వాడు బుకాయిస్తున్నాడా అని కాదు. నేను అంత మంచివాణ్ణేనా అని."

హాల్లో ఆడవాళ్ళు భోరుమన్నారు. కరడుగట్టిన ఆటగాళ్ళు టోపీలు తీసి కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. ఓపల్ వెనక వరస వైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

సామాన్ల గదిలో దొరికాడు వర్జిల్. గౌను విప్పి మడతపెడుతున్నాడు, మడత కుదరడం లేదు. ఓపల్ అందుకోబోతే ఇవ్వలేదు.

"ఆ రోజు ఆట అయ్యాక తిన్నగా ఆస్పత్రికెళ్ళా," అన్నాడు. "లూబెక్‌ను ఎలా బెదరగొట్టానో నోర్మాకు చెప్పా. ఏడూ రెండూ అనగానే పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వింది. మా ఆయన సింహమని నర్సులందరికీ చెప్పింది. ఆగస్టులో పోయింది. నాకు మిగిలింది ఆ నవ్వొక్కటే, ఓపల్. అది కూడా వాడు పెట్టిన ధర్మమన్నమాట."

"మీరు ఆయన్నే అడగండి. నేను రిబ్బను విప్పేస్తాను, ఇప్పుడే," అంది ఓపల్. ఆ క్షణంలో ఆమె నిజంగానే అంది. గది ఆమెకు గుర్తు రాలేదు.

"బతికున్నవాడికి వాడు చెప్పడు." కళావర్ ఏడు జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఏడాది నా ముక్క రాలేదు. రిబ్బను ఉండనీ. ఆ పటంలో ఉన్నవాడు గెలిచాడు, వాడు గెలిచినట్టే పోనీ."

మూడుంబావుకు ఫ్లాగ్‌స్టాఫ్ బస్సుందని చెప్పి, సరుకులు దించే తలుపులోంచి ఎండలోకి వెళ్ళిపోయాడు. చేతిలో ఒక్క సంచి ఉంది.

ఓపల్ హాల్లోకి వచ్చేసరికి పైక్ గోడ ముందు నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. పత్రికవాళ్ళు సగం పేజీ ఇస్తామన్నారట. పోటీకి చివరి నిమిషంలో నలభై ఏడుమంది డబ్బు కట్టారట. గోడ ఎక్కడికీ పోదు, పైన దీపాలు కూడా పెట్టిస్తాను, మీరు హాయిగా మీ గదిలో ఉండండి అన్నాడు. ఓపల్ తల ఊపింది. పదకొండేళ్ళుగా వినాలనుకున్న మాట విన్నాక ఏం చేయాలో తెలియక కాఫీ హాల్లోకి నడిచింది.

లూబెక్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కూర్చోమని కర్రతో కుర్చీ చూపించాడు.

"వెనక వరసలో ముసుగావిడ వెళ్ళిపోయిందా?"

ఓపల్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎడమ బూటు మడమ లోపలికి అరిగి ఉంటుంది. ఇరవై రెండు నిమిషాలు బల్ల కిందనుంచి ఆ బూట్లే చూశానమ్మా, మర్చిపోతానా? కూర్చుంటే పైకి జరిగిన గౌను కింద ఆడుతూ కనిపించాయి. మాట మధ్యలో చూశాను."

ఓపల్ ముందుకు వంగింది. "చూశాకే ఆసుల సంగతి చెప్పారా?"

"ఆ ఒక్క ఆట మీద వాడు పదహారేళ్ళు బతికాడు. అదే ఆట మీద నేను పదహారేళ్ళు చచ్చాను. లేచి, ముసుగు తీసి, అబద్ధమంటాడేమోనని ఎదురుచూశా. ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. వెళ్ళిపోయారు."

"అయితే ముక్కలు పారేశాడన్నమాట," అన్నాడు లూబెక్. గెలిచిన మనిషి మొహంలా లేదు అది. చెంచాతో కాఫీ కలుపుతూనే ఉన్నాడు, అందులో పంచదార లేదు.

గోడ గడియారం మూడూ అయిదు చూపిస్తోంది. బస్టాండు రెండు వీధుల అవతల ఉంది. పరిగెత్తి, ఆసుల మాట కూడా బుకాయింపే కావచ్చని చెప్తే చాలు, నోర్మా నవ్వు నోర్మా నవ్వుగానే మిగులుతుంది. కానీ వర్జిల్ వెనక్కి వస్తాడు. వస్తే రిబ్బను తప్పవుతుంది, గోడ తప్పవుతుంది, మూడో అంతస్తు గది పోతుంది. ఓపల్ కదల్లేదు. మోకాళ్ళు సహకరించవని తనకు తానే చెప్పుకుంది. అది అబద్ధమని తెలుసు, తనను చూసి తనకే సిగ్గేసింది, అయినా కూర్చునే ఉంది. మూడుంబావయింది. మూడూ ఇరవై అయింది. హాల్లో, సభ వల్ల ఆలస్యమైన పోటీ మొదలైనట్టు గంట కొట్టారు.

ఓపల్ లూబెక్ వైపు తిరిగి అడిగింది. "నేనే పంచాను. నా వేళ్ళ కిందనుంచే వెళ్ళాయి. ఆ రోజు నిజంగా ఏమున్నాయి మీ చేతిలో?"

లూబెక్ ఆమె వైపు జాలిగా చూశాడు. "వాడు బతికే ఉన్నాడు కదమ్మా. ఎలా చెప్పమంటావు?"

అంతలో పైక్ ఛాంపియన్ల పేర్లూ వయసులూ రాసిన కాగితం పట్టుకుని వచ్చి, లూబెక్ పక్కన కుర్చీ లాక్కుని, భుజం మీద చెయ్యి వేసి, వచ్చే మే నాటికి ఆరోగ్యం ఎలా ఉండొచ్చని చాలా శ్రద్ధగా అడిగాడు.